ఇంటి చిట్కాలు: బెజవాడ, గుంటూరు ఇళ్లలో ఏవి పనిచేస్తాయి, ఏవి ఎందుకు బెడిసికొడతాయి

క్లుప్తంగా

ఇంటి చిట్కాల్లో చాలా వాటి వెనక నిజమైన కారణమే ఉంటుంది. కానీ ఆ కారణం పనిచేయాలంటే ఆ ఇంటి నీళ్లు, గాలిలో తేమ, వంటగట్టు మీద పరిచిన రాయి కూడా కలిసిరావాలి. నిమ్మరసం కుళాయిని మెరిపిస్తుంది, అదే నిమ్మరసం కడప బండను తినేస్తుంది. ఆముదం కందులను కాపాడుతుంది, బియ్యాన్ని కాపాడలేదు. కూలర్ ఒకే మే నెలలో ఒక రోజు హాయినిస్తుంది, మరో రోజు ఉక్కపోయిస్తుంది. బ్లీచింగ్, యాసిడ్ కలపమనే చిట్కా మాత్రం ఏ ఊళ్లోనైనా ప్రాణం మీదికి తెస్తుంది.

ఒకరింట్లో పనిచేసింది పక్కింట్లో ఎందుకు పనిచేయదు

రెండు నిమిషాల్లో బాత్రూమ్ తళతళ, ఏడాదిపాటు పురుగు పట్టని బియ్యం, ఏసీ లేకుండా చల్లటి గది. ఇలాంటి వీడియోలు తిరగని వాట్సాప్ గ్రూపు ఇప్పుడు లేదు. చూసినవాళ్లు చేసి చూస్తారు. ఒకరికి కుదురుతుంది, ఎదురింటివాళ్లకు కుదరదు. నువ్వు సరిగ్గా చేసి ఉండవు అన్న మాటతో అక్కడికి చర్చ అయిపోతుంది.

చాలాసార్లు చేసినవాళ్ల తప్పేమీ ఉండదు. వీడియో తీసిన ఊళ్లో లవణాలు తక్కువుండే మెత్తటి నీళ్లు వస్తాయి, ఇక్కడ బోరు నీళ్లు. అక్కడ పొడి ఎండ, ఇక్కడ సాయంత్రానికి చెమటలు పట్టించే గాలి. చిట్కాతో పాటు అది ఎందుకు పనిచేస్తుందో కూడా చెబితే ఈ గందరగోళం సగం తగ్గేది. కారణం తెలిస్తే ఆ చిట్కా ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలిసిపోతుంది. ఈ ప్రాంతపు ఇళ్లలో రోజూ ఎదురయ్యే కొన్నింటిని ఆ లెక్కన చూడాలి.

బోరు నీళ్లు, ఉడకని పప్పు

విజయవాడ, గుంటూరులో చాలా అపార్ట్‌మెంట్లకు మున్సిపల్ కుళాయి నీళ్లు కొంత, బోరు నీళ్లు కొంత వస్తాయి. భూమి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉంటాయి. తాగునీటికి దేశంలో పాటించే ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం నీటి కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటి వసతి లేని చోట మాత్రం 600 వరకు అనుమతిస్తారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే గిన్నెల మీద, గీజర్‌లో, బట్టల మీద కనబడుతుంది.

ఈ నీళ్లు వేడెక్కినప్పుడు అందులోని కాల్షియం బైకార్బొనేట్ కరగని కార్బొనేట్‌గా మారి అడుగున పేరుకుంటుంది. ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున గరుకుగా, గోటితో గీకితే పెచ్చులుగా లేచే తెల్ల పొర అదే. సున్నపురాయి కూడా రసాయనపరంగా ఈ పదార్థమే. సబ్బుకు ఇది లొంగదు, ఎంత తోమినా పోదు. పులుపుకు మాత్రం లొంగుతుంది. ఆమ్లం తగలగానే కార్బొనేట్ కరిగి, కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా బయటకు పోతుంది. అందుకే నిమ్మ ఉప్పు, వెనిగర్ చిట్కాలు నూటికి నూరుపాళ్లు నిజం. కెటిల్‌లో లీటరు నీళ్లకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి మరిగించి అరగంట వదిలేస్తే పొర దానంతటదే ఊడుతుంది. షవర్ రంధ్రాలు మూసుకుపోతే, వెనిగర్ పోసిన ప్లాస్టిక్ సంచిని దానికి కట్టి కొన్ని గంటలు ఉంచితే చాలు, సూదితో పొడవాల్సిన పని ఉండదు.

పప్పు ఉడకకపోవడానికి కూడా తరచుగా ఈ నీళ్లే కారణం. కందిపప్పు బద్దలోని కణాలను కలిపి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. మెత్తటి నీళ్లలో ఉడికితే అది కరిగి బద్ద మెత్తబడుతుంది. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో అదే పెక్టిన్ కాల్షియంతో పట్టుకుని మరింత గట్టిపడుతుంది. నాలుగు విజిల్స్ వచ్చినా పప్పు బద్దబద్దగానే ఉంటే, పప్పు పాతదైనా కావాలి, నీళ్లు బోరువైనా కావాలి. చిటికెడు వంట సోడా వేస్తే ఉడుకుతుంది అన్నది నిజమే, కానీ దానివల్ల పప్పులోని బి1 విటమిన్ దెబ్బతింటుంది. దానికన్నా నానబెట్టడానికీ ఉడికించడానికీ కుళాయి నీళ్లో, కొనుక్కునే టిన్ను నీళ్లో వాడటం మేలు. చింతపండు పప్పు మెత్తబడ్డాకే వేయాలని పెద్దవాళ్లు అనడంలోనూ ఇదే సంగతి ఉంది. పులుపు తగిలితే పెక్టిన్ కరగడం మందగిస్తుంది. ముందే పులుసు పోసేస్తే ఆ పప్పు ఇక మెత్తబడదు.

కుక్కర్ పొంగకుండా ఉండటానికి చెంచా నూనె వేయడం కూడా కారణమున్న చిట్కాయే. పప్పులోంచి వచ్చే పిండి పదార్థం, మాంసకృత్తులు కలిసి నురగ కడతాయి. నూనె ఆ బుడగల పొరను తెంపుతుంది. అయితే సగానికి మించి నింపిన కుక్కర్‌లో ఎంత నూనె పోసినా లాభం లేదు. నురగ పైకెక్కి ఆవిరి గొట్టంలో పప్పు ఇరుక్కుంటే ప్రమాదం కూడా.

గట్టు మీద ఏ రాయి ఉంది

శుభ్రపరిచే చిట్కాల్లో ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే. దీన్ని చెప్పే వీడియోలు మాత్రం అరుదు.

ఈ ప్రాంతంలో పాత ఇళ్ల నేల మీద నాపరాళ్లు, వంటగట్టు మీద నల్లటి కడప బండ ఉండటం మామూలే. ఇవి సున్నపురాయి జాతివి. పల్నాడు నేల కింద ఉన్నదీ అదే రాయి. మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు వెలిసింది దానివల్లే. అంటే కెటిల్ అడుగున వదిలించుకోవాలనుకునే పదార్థం, గట్టు మీద కావాలని పరుచుకున్న పదార్థం ఒక్కటే. పులుపుకు ఆ రెండింటి మధ్య తేడా తెలియదు.

కడప బండ మీద నిమ్మచెక్క పిండి ఒక నిమిషం ఆగి దగ్గరగా చూస్తే చుక్క చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. తుడిచాక అక్కడ నలుపు పోయి బూడిదరంగు మచ్చ మిగులుతుంది. వేలితో రాస్తే మిగతా బండ నున్నగా, ఆ చోటు గరుకుగా తెలుస్తుంది. అది అంటుకున్న మరక అయితే తోమితే పోయేది. అక్కడ రాయే కరిగిపోయింది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. మార్బుల్‌దీ ఇదే కథ. గ్రానైట్‌లో కార్బొనేట్ ఉండదు కాబట్టి నిమ్మరసానికి అంత తేలిగ్గా చెక్కుచెదరదు. ఏ రాయో తెలియనప్పుడు ఒక మూల చుక్క వేసి చూడటమే సులువైన పరీక్ష. సున్నపురాయి గట్టుకు గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ సరిపోతాయి.

ఇత్తడి, రాగి సామాను దగ్గర పులుపు మళ్లీ పనికొస్తుంది. నల్లబడిన రాగి చెంబు మీద ఉన్నది ఆక్సైడ్ పొర. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని ఇంకా తొందరపరుస్తుంది. కడిగాక తడి లేకుండా తుడవకపోతే పూట తిరక్కుండానే మచ్చలు వస్తాయి.

నురగ చూసి నమ్మడం

వంట సోడా, వెనిగర్ కలిపి సింకులో పోస్తే బుసబుసమని పొంగుతుంది. కంటికి ఏదో జరుగుతున్నట్టు ఉంటుంది కాబట్టి ఈ చిట్కాకు అంత పేరు వచ్చింది. ఒకటి క్షారం, మరొకటి ఆమ్లం. కలిసిన క్షణంలో రెండూ ఒకదాన్నొకటి చంపుకుని సోడియం ఎసిటేట్, నీళ్లు, గ్యాస్ మిగులుతాయి. జిడ్డు మీద సోడా విడిగా కొంత పనిచేసేది. సున్నపు పొర మీద వెనిగర్ విడిగా బాగా పనిచేసేది. కలిపినందువల్ల రెండింటి బలమూ పోయింది. ఆ పొంగుకు వదులుగా ఉన్న చెత్త కాస్త కదిలితే కదలవచ్చు. సింకు గొట్టంలో గడ్డకట్టిన నూనెకు వేడి నీళ్లు, లిక్విడ్ నయం.

అది పనిచేయని చిట్కా మాత్రమే. బ్లీచింగ్, యాసిడ్ కలపడం అలాంటిది కాదు, ప్రాణాంతకం. టాయిలెట్ క్లీనర్లలో ఎక్కువ వాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బ్లీచింగ్ పౌడర్‌లో, బ్లీచ్ లిక్విడ్‌లో ఉండేది హైపోక్లోరైట్. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన వాయువు ఇదే. ఇది గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు, అందుకే నేలకు దగ్గరగా నిలిచిపోతుంది. చిన్న వెంటిలేటర్ ఒక్కటే ఉన్న బాత్రూమ్‌లో, కింద కూర్చుని తోముతున్న మనిషి ముఖానికి అది సరిగ్గా అందే ఎత్తులోనే ఉంటుంది. రెండూ కలిపి పోస్తే మరకలు త్వరగా పోతాయని ఎవరు చెప్పినా వినకూడదు. ఒకటి వాడాక బాగా నీళ్లు పోసి కడిగి, రెండోది మరో రోజు వాడాలి. ఘాటు వాసన వచ్చి దగ్గు మొదలైతే, పని మధ్యలో ఉన్నా సరే వదిలేసి బయటకు వచ్చేయాలి. ఊపిరి ఆడనట్టు ఉంటే 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో పనికి వచ్చేవాళ్లకు సీసాలు ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పి ఇవ్వడం ఇంటివాళ్ల బాధ్యత.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి వరద తర్వాత ఇల్లు కడుక్కునేటప్పుడు బ్లీచింగ్ గురించి ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బురద మీద బ్లీచింగ్ చల్లితే దాని క్లోరిన్ అంతా బురదలోని సేంద్రియ పదార్థంతో చర్య జరపడానికే ఖర్చయిపోతుంది, క్రిములదాకా చేరదు. ముందు బురద ఎత్తి, నీళ్లతో కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ కలిపిన నీళ్లతో తడిపి పది నిమిషాలైనా అలా ఉంచితేనే ఫలితం. చల్లిన వెంటనే కడిగేస్తే వాసన తప్ప ఏమీ మిగలదు.

పురుగు గుడ్డు ఎక్కడ పెడుతుంది

బియ్యం డబ్బాలో వేపాకు, ఎండుమిరపకాయలు, లవంగాలు వేయడం అందరికీ తెలిసిందే. ఇవి కొంతవరకు పురుగును దగ్గరికి రానివ్వవు. కానీ బస్తా మిల్లు నుంచో కొట్టు నుంచో వచ్చేటప్పుడే లోపల గుడ్లు ఉంటే వీటివల్ల ఒరిగేదేమీ లేదు. ముక్కుపురుగు తన పొడుగాటి ముక్కుతో గింజకు బొక్క పెట్టి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. పిల్ల పురుగు గింజ లోపలే తింటూ పెరిగి, పెద్దదయ్యాక బయటికి వస్తుంది. వేసవి వేడికి ఇదంతా నెల రోజుల్లో అయిపోతుంది. శుభ్రంగా ఉన్న బియ్యంలో ఒక్కసారిగా అన్ని పురుగులు ఎక్కడివని ఆశ్చర్యపోయేది ఇందుకే.

పప్పు దినుసులకు పట్టే పుచ్చుపురుగు తీరు వేరు. పురుగు మొదలైన పెసలను అరచేతిలో పోసుకుని వెలుతురులో చూస్తే కొన్ని గింజల మీద ఆవగింజకన్నా చిన్న తెల్ల చుక్కలు అతుక్కుని ఉంటాయి. అవి గుడ్లు. ఈ పురుగు గింజ పైనే గుడ్డు అతికిస్తుంది, అందులోంచి పుట్టిన పిల్ల కిందికి తొలుచుకుని లోపలికి పోతుంది. కందులకు, పెసలకు ఆముదం పట్టించే పాత అలవాటు గురి తప్పనిది ఇందువల్లే. నూనె పొర మీద గుడ్డు సరిగా అతుక్కోదు, అతుక్కున్న దానికి గాలి ఆడదు. కిలో గింజలకు ఒక చిన్న చెంచా ఆముదం వేసి అన్నిటికీ అంటేలా చేత్తో కలిపితే చాలు. వండే ముందు కడిగితే పోతుంది. ఇదే ఆముదం బియ్యానికి పట్టిస్తే, గుడ్డు లోపలెక్కడో ఉంటుంది కాబట్టి శ్రమ వృథా.

బియ్యానికి పనిచేసేవి రెండే. ఒకటి తేమ లేకపోవడం, రెండోది తగినంత చలి. ఐదు కిలోల లోపు సంచి అయితే ఫ్రీజర్‌లో వారం ఉంచితే లోపలి గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక సంచి మామూలు వేడికి వచ్చేదాకా మూత విప్పకూడదు, లేకపోతే గాలిలోని తేమ చల్లటి గింజల మీద నీరై కూర్చుంటుంది. మండుటెండలో బియ్యం పోయడం మంచిది కాదు. పురుగులు పారిపోతాయి కానీ గింజ బీటలువారి, అన్నం నూకనూకగా అవుతుంది. నీడన గాలికి ఆరబోయడం నయం.

గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇంట్లో బియ్యం బస్తాల మధ్య పెట్టడం మాత్రం ఎవరూ చేయకూడదు. తేమ తగిలితే వాటిలోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. పక్క గదిలో పడుకున్న పిల్లలకు కూడా అది చేరగలదు, దానికి విరుగుడు మందు లేదు.

కారం: చేతికి, నోటికి, డబ్బాలో

గుంటూరు మిర్చి యార్డు దేశంలోనే పెద్ద మిరప మార్కెట్. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ జిల్లాల్లో ఏడాదికి సరిపడా కాయలు కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, మిల్లులో కారం పట్టించడం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. తొడిమలు తీసిన రోజు చేతులు రాత్రిదాకా మండుతూనే ఉంటాయి. ఎన్ని నీళ్లు పోసినా తగ్గదు. కారణం, మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. నీళ్లు దాన్ని చేతి మీద ఇంకాస్త పరుస్తాయి. ముందు వంటనూనె బాగా రాసి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. అవసరమైతే మరోసారి. పనికి ముందే చేతులకు నూనె రాసుకుంటే ఇంకా మంచిది. నోటికి కారం తగిలినప్పుడు మంచినీళ్ల కన్నా మజ్జిగ, పెరుగు త్వరగా శాంతినివ్వడానికి పాలలోని కేసిన్ అనే మాంసకృత్తి క్యాప్సైసిన్‌ను పట్టుకుని తీసుకుపోవడమే కారణం.

వేడి నీళ్లతో కడిగితే మంట పెరగడంలో చిత్రమేమీ లేదు. దాదాపు 43 డిగ్రీల వేడి తగిలినప్పుడు మెదడుకు కబురు పంపే నరాల గ్రాహకాన్నే క్యాప్సైసిన్ కూడా తట్టి లేపుతుంది. ఈ గ్రాహకాన్ని మిరప మంట ద్వారానే కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021 వైద్య నోబెల్‌లో భాగం దక్కింది. చర్మానికి సంబంధించినంత వరకు మిరపకాయ మంట, మే నెల ఎండ రెండూ ఒకే గుమ్మం తడతాయి.

పట్టించిన కారం ఆర్నెల్లకు ఎర్రదనం పోయి ఇటుకరంగుకు తిరగడం మరో సమస్య. ఎరుపునిచ్చే వర్ణకాలు వెలుతురు, గాలి, వేడి తగిలితే తేలిగ్గా పాడవుతాయి. రంగు పోయినంత త్వరగా మంట తగ్గదు. గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో వ్యాపారులు కాయలు దాచడానికి ఈ రంగు కూడా ఒక కారణం. ఇంట్లోనూ అదే సూత్రం వర్తిస్తుంది. నెలకు సరిపడా కారం మాత్రం జాడీలో తీసుకుని, మిగిలింది గాలి చొరని డబ్బాల్లో ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో ఉంచాలి. గాజు సీసా అయితే వెలుతురు తగలని అరలో పెట్టాలి. కాయ మాత్రం పట్టుకుంటే గలగలలాడేంత ఎండాలి. తడి కాయకు బూజు పడితే అందులో అఫ్లటాక్సిన్ పుట్టే ప్రమాదం ఉంది. మళ్లీ ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పోదు. బూజు పట్టిన కాయలు దులిపి వాడుకోమనే చిట్కా చెత్తబుట్టలో వేయాల్సిందే.

రోహిణి కార్తెలో ఏది చల్లబరుస్తుంది

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో ఫ్యాన్ ముందు ఐస్ బాటిల్ పెట్టమనే వీడియోలకు గిరాకీ ఎక్కువ. లెక్క వేస్తే విషయం తేలిపోతుంది. లీటరు నీటి గడ్డ కరగడానికి సుమారు 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. రెండు లీటర్ల బాటిల్ మొత్తం కరిగేసరికి గదిలోంచి పోయే వేడిని ఒక టన్ను ఏసీ మూడు నిమిషాల్లో తీసేస్తుంది. పైగా ఆ గడ్డ కట్టించడానికి అదే ఇంట్లోని ఫ్రిజ్ తన వెనక నుంచి అంతకన్నా ఎక్కువ వేడిని వదిలింది. ముఖానికి కాసేపు చల్లగాలి తగిలిన మాట నిజమే, గది మాత్రం చల్లబడదు.

నీరు ఆవిరైతే లెక్క మారుతుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్లు కావాలి, గడ్డ కరగడానికి కావలసిన దానికి ఏడు రెట్లు. మట్టి కుండ, వట్టివేళ్ల తడికెలు, కూలర్ అన్నీ బతికేది దీని మీదే. కానీ గాలి ఎంత పొడిగా ఉంటే అంతే ఆవిరవుతుంది. 42 డిగ్రీల ఎండలో గాలి తేమ 25 శాతం ఉంటే, కూలర్ గాలిని అత్యధికంగా 26 డిగ్రీల దగ్గరిదాకా దించగలదు. 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న రోజున ఎంత మంచి కూలరైనా 30 డిగ్రీల కిందికి తేలేదు. పడమటి నుంచి వడగాలి కొట్టే మధ్యాహ్నం కూలర్ బాగుండి, సముద్రం వైపు నుంచి గాలి తిరిగిన సాయంత్రం అదే కూలర్ జిడ్డుగా అనిపించడానికి తేడా ఇదే. తలుపులన్నీ మూసి కూలర్ వేస్తే గదిలో తేమ పెరిగిపోయి పొడి రోజున కూడా ఉక్కపోస్తుంది. ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. తేమ ఎక్కువున్న సాయంత్రం పంపు ఆపేసి ఫ్యాన్ మాత్రం నడపడం నయం.

పై అంతస్తువాళ్ల బాధ వేరు. పగలంతా ఎండను మింగిన స్లాబు రాత్రంతా దాన్ని గదిలోకి వదులుతుంది, ఫ్యాన్ ఆ వేడినే కిందికి తోస్తుంది. ఇక్కడ తక్కువ ఖర్చులో నిజంగా తేడా చూపేది డాబా మీద సున్నం. తెల్లటి పూత ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది కాబట్టి స్లాబులోకి వేడి దిగడమే తగ్గుతుంది. మార్చి మొదట్లో డాబా ఊడ్చి, కడిగి, ఆరనిచ్చి, జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేయాలి. మొదటి పూత పూర్తిగా ఆరాకే రెండోది. దుమ్ము పట్టి మాసిపోతే ప్రభావం తగ్గుతుంది, మధ్యలో ఒకసారి ఊడ్వాలి. వానలకు పూత కొట్టుకుపోతుంది, అందువల్ల ఏటా మళ్లీ వేసుకోవాల్సిందే. చల్లేటప్పుడు సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, పనిచేసేవాళ్లకు కళ్లజోడు, చేతి తొడుగులు ఉండాలి.